ఆటవిక ఋణం: అరణ్యంపై పూర్వమానవుల హస్తముద్ర

బ్రాహ్మీముహూర్తం గడచి తూర్పు తెల్లవారుతున్న వేళ, భాగ్యనగరానికి వాయవ్యదిశలో ఉన్న ప్రగతి నగర్‌లో ఆలయఘంటలు మ్రోగుతాయి. అంబీర్ చెరువు మీదుగా వచ్చే చల్లగాలిలో కొందరు రావిచెట్టుకు ప్రదక్షిణం చేస్తారు. మరికొందరు వేపమొదట పసుపుకుంకుమలు ఉంచుతారు. సమీపంలోని రాతిగుట్టల మీద, అంతస్తుల భవనాల మధ్య ఇంకా మిగిలివున్న ఖాళీ జాగాలలో, సీతాఫలం పొదలు, మోదుగలు, తంగేడు, అక్కడక్కడా ఒక ముసలి చింత కనబడతాయి. ప్రక్కనే ఐటీ ఉద్యోగులతో నిండిన బస్సులు సాగిపోతుంటాయి. ఈ చెట్లను చూచినవారు సహజంగా అనుకునేది ఒక్కటే: నగరం రాకముందు ఇక్కడ ఉన్నది మానవస్పర్శ ఎరుగని అడవి, దాని శేషమే ఇది.

ఈ భావనలో సగం సత్యం మాత్రమే ఉన్నది. ఇక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని హష్మత్‌పేటలో, అలాగే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఇనుపయుగపు బృహచ్ఛిలాసమాధులు బయల్పడ్డాయి. పెద్దరాళ్ళను వలయంగా పేర్చి, మధ్యలో తమ పితరులను నిక్షేపించిన ఆ జనులు రెండువేల సంవత్సరాలకు పూర్వమే ఈ నేలను దున్నారు, పశువులను మేపారు, కట్టెలు కొట్టారు, ఇనుమును కరగించారు. కనుక ఈ గుట్టల మీది వృక్షసముదాయం కేవలం ప్రకృతి రచన కాదు. అందులో ప్రకృతితోపాటు పురుషప్రయత్నం కూడా ఉన్నది. ఏ చెట్టు నిలిచినది, ఏది తొలగినది, ఏది ఎక్కడ విస్తరించినది అనే ప్రశ్నలకు సమాధానం నేలలో, వర్షంలో ఎంత ఉన్నదో, వేలయేండ్లుగా అక్కడ జీవించిన ఆటవికజనుల జీవనవిధానంలో కూడా అంత ఉన్నది.

గ్రామం, అరణ్యం: ఒక ప్రాచీన విభజన

వైదికవాఙ్మయం లోకాన్ని గ్రామమనీ అరణ్యమనీ రెండుగా విభజించి చూస్తుంది. 'అరణ' అనగా దూరమైనది, పరాయిది. అందునుండి పుట్టినదే అరణ్యశబ్దం. గ్రామంలో గృహస్థధర్మం, యజ్ఞం. అరణ్యంలో వానప్రస్థం, ఉపాసన. అరణ్యంలో అధ్యయనం చేయదగినవి కనుకనే ఆరణ్యకాలకు ఆ పేరు వచ్చినది. ఈ విభజన సాధకునికి ఎంతో ఉపకరించినది. అయితే దాని నీడలో ఒక విస్మృతి కూడా పెరిగినది. తపస్సుకై అడవికి వెళ్ళిన ఋషికి అది జనశూన్యమైన ఏకాంతం. అక్కడే పుట్టి, అక్కడే కందమూలాలు త్రవ్వుకొని జీవించే శబరునికి మాత్రం అది ఇల్లు, పొలం, గుడి.

శాస్త్రగ్రంథాలు ఆ జనులను పూర్తిగా మరువలేదు. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులను పుండ్ర, శబర, పుళింద, మూతిబులతో కలిపి పేర్కొన్నది. అంటే తెలుగువారి తొలి ప్రస్తావనయే అటవీజనుల సరసన లభిస్తున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రవ్యవనం, హస్తివనం, మృగవనం అని అడవులను ప్రయోజనాన్నిబట్టి విభజించి, ఆటవికులను రాజ్యం లెక్కించవలసిన ఒక బలంగా గుర్తించినది. కర్నూలు మండలంలోని ఎర్రగుడి బండలపై నేటికీ కనబడే అశోకుని శాసనాలలో పదమూడవది ఆటవికులను ప్రస్తావిస్తూ, అనునయంతోపాటు హెచ్చరికను కూడా వినిపిస్తుంది. అదే చక్రవర్తి ఐదవ స్తంభశాసనంలో అడవులను నిష్ప్రయోజనంగా గాని, ప్రాణిహింసకై గాని దహించరాదని ఆదేశించాడు. నిషేధించవలసి వచ్చినదంటే, అడవిని కాల్చడం ఆ కాలానికే వాడుకలో ఉన్నదని స్పష్టం. నాలుగవ శతాబ్దపు ప్రయాగ ప్రశస్తి, సముద్రగుప్తుడు ఆటవికరాజులందరినీ సేవకులుగా చేసుకొన్నాడని కీర్తిస్తుంది. అడవిలో రాజులుండిరంటే, ప్రజలూ ఉండిరి. ప్రజలుండిరంటే, అడవికి వారి ముద్ర తప్పదు.

మహాభారతంలోని ఖాండవదహన వృత్తాంతం కూడా ఈ దృష్టితో మననం చేయదగినది. అగ్నిదేవుని ఆకలి తీర్చుటకై కృష్ణార్జునులు అరణ్యాన్ని అర్పించిన ఆ కథలో, అడవిని కాల్చి నివాసభూమిని విస్తరించుకొన్న ఒక యుగపు స్మృతి ఇమిడివున్నదని ఇరావతీ కర్వే వంటి విదుషీమణులు భావించారు. ఆధ్యాత్మికార్థం దేనిదారి దానిది. అగ్నికీ అరణ్యానికీ మనిషికీ నడుమ ఉన్న ప్రాచీన సంబంధాన్ని మాత్రం ఆ కథ దాచలేదు.

భస్మరాశులు చెప్పే చరిత్ర

తెలుగునేలపై మానవుని ఉనికి మిక్కిలి ప్రాచీనం. నంద్యాల ప్రాంతపు జ్వాలాపురంలో, సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిదపొరకు క్రిందనూ పైననూ రాతిపనిముట్లు లభించాయి. అప్పటి జనులు వేటాడేవారు, ఏరుకొనేవారు. అడవిమీద వారి ప్రభావం ఎంతటిదో కొలవడం కఠినం. కాని నవీనశిలాయుగం నాటికి దృశ్యం మారిపోయినది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిదదిబ్బ ఉన్నది. పురాతత్త్వవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో దానిని త్రవ్వి పరిశీలించాడు. అది అగ్నిపర్వతపు బూడిద కాదు, రాక్షసుల అస్థిభస్మమూ కాదు. తరతరాలుగా పశువుల దొడ్డిలో పోగైన పేడను మళ్ళీమళ్ళీ కాల్చగా ఏర్పడిన రాశి. దుంగలు పాతి వలయంగా కట్టిన దొడ్లు, వాటిలో గిట్టల ముద్రలు కూడా అక్కడ బయల్పడినవి. క్రీస్తుపూర్వం మూడవ సహస్రాబ్దికే దక్కనులో గోసంపద ఇంత విస్తారంగా ఉన్నదని ఆ దిబ్బ సాక్ష్యమిచ్చినది. నేటికీ పశువులను మంటల మీదుగా, మంటల నడుమగా నడిపించే పండుగ ఆచారాలకు ఆ ప్రాచీన దహనాలతో సంబంధం ఉండవచ్చునని ఆల్చిన్ ఊహించాడు. పల్వాయి, కుప్‌గల్ మొదలైన చోట్ల కూడా ఇటువంటి భస్మరాశులున్నాయి.

ఈ గోపాలకులు అడవిని ఏ విధంగా మార్చారు? పశువు లేత ఆకును మేస్తుంది, మొలకను తొక్కుతుంది, ముళ్ళున్నదానిని, చేదైనదానిని విడిచిపెడుతుంది. కొన్ని వందల యేండ్లు ఈ ప్రక్రియ సాగితే మేతకు పనికిరానివి, ముళ్ళతో రక్షణ పొందినవి, నరికినా వేరునుండి పిలకలు వేసేవి మిగులుతాయి. వేసవి ఆరంభంలో ఎండుగడ్డికి నిప్పంటిస్తే తొలకరికి పచ్చిక చిక్కగా వస్తుంది. ఆ నిప్పు పలుచని బెరడుగల లేతమొక్కలను హరిస్తుంది. దళసరి బెరడుగల నల్లమద్దినీ, భూగర్భంలోని వేళ్ళనుండి మళ్ళీ చిగిర్చే తునికినీ, మోదుగనూ విడిచిపెడుతుంది. నేడు తెలంగాణలో ఎక్కడ చూచినా కనబడే తుమ్మ, రేగు, మోదుగ, తునికి, తంగేడుల సహవాసం వెనుక ఎండనేలల స్వభావంతోపాటు ఈ సుదీర్ఘమైన వరణం కూడా ఉన్నది. ఆనాటి స్థావరాలలో దొరికిన బొగ్గుముక్కలను సూక్ష్మదర్శినితో పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆ జనులు ఏ చెట్లను వంటచెరకుగా వాడారో గుర్తించగలుగుతున్నారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు వారి పంటలు. ఆ పొలాలు వెలసినంతమేర అడవి అంచులు వెనుకకు జరిగాయి.

తరువాత ఇనుపయుగం వచ్చినది. ఇనుమును కరగించాలంటే బొగ్గు కావాలి, బొగ్గుకు కట్టె కావాలి. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం వంటి గ్రామాలలో తయారైన ఉక్కు పారశీకదేశం దాకా వెళ్ళి, ఖడ్గాలకు కీర్తిని తెచ్చినది. ఆ కీర్తి వెనుక ఎన్ని కొలుములు మండినవో, వాటికై ఎంత అడవి మొదళ్ళవరకు నరకబడి మళ్ళీ పిలకలు వేసినదో ఊహించవచ్చును. పిలకలు వేయలేని జాతి అటువంటి చోట నిలువలేదు.

నల్లమల: చెంచుల గృహం

శ్రీశైలయాత్ర చేసే ప్రతి భక్తుడూ నల్లమల మీదుగా వెళ్తాడు. మన్ననూరు దాటిన తరువాత దారికి ఇరువైపులా చిరుమాను, నల్లమద్ది, ఏగిస, బిల్లు, అందుగు, తబసి, ఇప్ప, మోరి, ఉసిరి, వెదురు కనబడతాయి. ఇది పులులకు నెలవైన అభయారణ్యం. అంతకంటె ప్రాచీనంగా చెంచుల నివాసం. వారి పల్లెలను 'పెంట'లంటారు. అప్పాపూర్ పెంట వంటివి నేటికీ అడవి నడుమ నిలిచివున్నాయి. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ నిజాం రాజ్యంలోని చెంచులతో జీవించి, వారిని గూర్చి 1943లో ఒక ఉద్గ్రంథాన్ని ప్రకటించాడు. వ్యవసాయం ఎరుగక, కందమూలఫలాదులమీద, తేనెమీద, వేటమీద ఆధారపడిన జనంగా అతడు వారిని వర్ణించాడు.

'వ్యవసాయం ఎరుగని జనం' అన్నంత మాత్రాన అడవిని మార్చని జనమని అర్థం కాదు. చెంచు స్త్రీ మొనకు ఇనుము తొడిగిన కర్రతో గడ్డలు త్రవ్వుతుంది. గడ్డనంతటినీ పెకలించక, తీగతో ఉన్న పైభాగాన్ని మట్టిలో మిగిల్చితే మరుసటి వర్షాకాలంలో అది మళ్ళీ ఊరుతుంది. త్రవ్విన చోట మట్టి గుల్లబారి, వాననీరు ఇంకి, క్రొత్త మొలకలకు తావు దొరుకుతుంది. తరతరాలుగా ఒకే కొండవాలులో ఇలా త్రవ్వుతూవుంటే ఆ వాలు ఒక అప్రకటితమైన తోటగా మారుతుంది. ఈశావాస్యోపనిషత్తు బోధించే త్యాగపూర్వకమైన భోగానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ ఏ ప్రవచనంలో దొరుకుతుంది? మిగిల్చి తినడం ఇక్కడ నీతిబోధ కాదు, రేపటి అన్నం.

ఇప్పపూవుల కాలం మరొక నిదర్శనం. వేసవి ఆరంభంలో తెల్లవారుజామున పూలు రాలుతాయి. రాలిన పూలు ఆకుల చెత్తలో కలసిపోకుండా, మధ్యభారతమంతటా గిరిజనులు చెట్టు క్రింది ఎండుటాకులను ముందుగా ఊడ్చి గాని కాల్చి గాని నేలను శుభ్రం చేసుకొంటారు. ఆ మంట చిన్నది, నేలబారుది. చెత్త పేరుకొనక ముందే ఏటేటా తగులబడితే పెద్ద కార్చిచ్చుకు ఇంధనం మిగలదు. అదే సమయంలో, ఇప్ప క్రింద పోటీకి వచ్చే పొదలు కూడా తగ్గుతాయి. పండ్లు, సారపప్పు, ఉసిరికాయలు, కుంకుడుకాయలు ఏరి మోసుకొనిపోయే దారులవెంట, పెంటల చుట్టూ విత్తనాలు పడతాయి. అందువలన మనిషికి అక్కరకు వచ్చే చెట్లు అతని దారులను అనుసరిస్తాయి.

పోడు, ఇప్ప, చింత

గోదావరికి ఇరువైపులా, పాపికొండలలో కొండరెడ్లు పోడు చేసేవారు. కొండవాలును నరికి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో జొన్న, సామ, కంది మొదలైనవి చల్లి, రెండుమూడేండ్ల తరువాత ఆ వాలును విడిచి మరొక వాలుకు పోవడం దాని పద్ధతి. విడిచిన నేల అనేక సంవత్సరాలు విశ్రమించి మళ్ళీ అడవి అవుతుంది. అయితే ఆ అడవి పూర్వపు అడవి కాదు. ఎండను కోరే జాతులు, వెదురు, వేరుపిలకలు వేసేవి ముందుగా ఆక్రమిస్తాయి. ఒక కొండపై వివిధ వయస్సుల పోడుమచ్చలు ప్రక్కప్రక్కన ఉంటే, అడవి ఒకే వన్నెగల వస్త్రంగా కాక, అతుకులబొంతగా ఏర్పడుతుంది.

అందులో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది: నరకనిదేది? కొండరెడ్డి జీలుగును నరకడు. దాని కల్లు అతని ఆహారం, ఆ చెట్టు తండ్రినుండి కొడుకుకు వచ్చే ఆస్తి. కోయలు, గోండులు, కొలాములు ఇప్పను నరకరు. పొలం చేసుకొన్నా నడుమ ఇప్పచెట్టును అలాగే ఉంచుతారు. ఆదిలాబాదు మండలంలో పంటచేల మధ్య ఒంటరిగా నిలిచిన మహావృక్షాలు ఇప్పలైతే, అవి ఎవరో నాటినవి కానక్కరలేదు. అవి ఎవరో నరకకుండా విడిచినవి. విడిచిపెట్టడం కూడా ఒక విధమైన సేద్యమే. వందల సంవత్సరాల పాటు చుట్టూ ఉన్నవన్నీ తొలగి, ఒక్క ఇప్ప మాత్రమే ప్రతితరంలోనూ మన్ననపొందితే, ఆ ప్రాంతపు వృక్షసంఖ్యలో ఇప్ప పాలు తనంతట తానే పెరుగుతుంది.

చింత కథ ఇంకా ఆశ్చర్యకరం. సంస్కృతంలో చించా, తింత్రిణీ అని పేర్లుగల ఈ చెట్టు అరబ్బుల నోట 'హిందూదేశపు ఖర్జూరం' అయినది. వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం మాత్రం దాని జన్మభూమి ఆఫ్రికా అని. అతిప్రాచీనకాలంలోనే అది ఈ దేశానికి వచ్చి, పులుసుగా, పచ్చడిగా తెలుగువారి నాలుకపై స్థిరపడినది. కనుక దట్టమైన అడవి నడుమ ముసలి చింతలు గుంపుగా కనబడితే, అడవినెరిగినవారు అక్కడ ఒకనాడు ఊరుండేదని గ్రహిస్తారు. గోడలు కరిగిపోయినా, కుండలు మట్టిలో కలసినా, చింత మాత్రం సాక్షిగా నిలుస్తుంది. పాత మామిడితోపులు కూడా అటువంటివే.

సీతాఫలం మరొక పాఠం. వనవాసకాలంలో సీతమ్మ ఆరగించినదని జనులు భక్తితో చెప్పుకొనే ఈ ఫలం అమెరికాఖండంలో పుట్టి, పోర్చుగీసుల నౌకలతో ఈ దేశానికి వచ్చినది. నేడు నల్లమల వాలులలోనూ, హైదరాబాదు గుట్టలమీదనూ అది స్వయంభువులా విస్తరించినది. ఆశ్వయుజంలో బుట్టలతో దానిని అంగళ్ళకు తెచ్చేవారిలో గిరిజనులు ఎందరో. పరాయిదేశపు మొక్కకు ప్రజలు సీత పేరు పెట్టి తమదిగా చేసుకొన్నారు. అడవి కూడా అంతే; వచ్చినదానిని కలుపుకొని నడిచినది.

దేశాంతర నిదర్శనాలు

ఈ సత్యం తెలుగుదేశానికే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ మహారణ్యాన్ని లోకం చిరకాలం కన్యారణ్యంగా భావించినది. 2017లో కరోలినా లెవిస్ మరియు అనేక సహపరిశోధకులు, పూర్వజనులు ఏదో ఒక మేరకు సాకి మచ్చిక చేసుకొన్న 85 వృక్షజాతులను పరిశీలించి, వాటిలో 20 జాతులు ఆ అరణ్యంలో అత్యధికంగా వ్యాపించినవాటిలో ఉన్నాయనీ, పురాతన నివాసస్థలాలకు దగ్గరవుతున్న కొలదీ అటువంటి చెట్లు అధికమవుతున్నాయనీ నిరూపించారు. అక్కడక్కడ కనబడే సారవంతమైన నల్లమట్టి కూడా ఆ జనులు బొగ్గు, ఎముకలు, వంటశేషాలు కలిపి చేసినదే. ఆస్ట్రేలియాలోని ఆదివాసులు ఋతువునెరిగి పెట్టిన చిన్నమంటలు ఆ ఖండపు గడ్డిమైదానాలను తీర్చిదిద్దాయి.

సమీపంలోని కర్ణాటకలో, బిళిగిరిరంగన కొండలలో సోలిగలు నివసిస్తారు. ఎండుటాకులు పలుచగా ఉన్న కాలంలోనే నేలమంట పెట్టడం వారి ఆచారం. అభయారణ్యం ఏర్పడిన తరువాత ఆ మంటలు నిషేధింపబడినవి. అటుపిమ్మట లాంటానా కంప అడవిని కమ్ముకొన్నదనీ, ఉసిరిచెట్లపై బదనికలు పెచ్చరిల్లాయనీ సోలిగ పెద్దలు చెబుతూవచ్చారు. శాస్త్రజ్ఞులు ఆ మాటను తోసిపుచ్చక పరిశోధనాంశంగా స్వీకరించారు. చదువురాని వృద్ధుని అనుభవం ప్రత్యక్షప్రమాణమే కదా. దానిని అనుమానంతో పరీక్షించవచ్చును గాని, అనాదరంతో త్రోసివేయరాదు.

ఇంతమాత్రాన అడవినంతటినీ మనిషియే చేశాడని అనుకొనడం మరొక అహంకారం. దక్కనులోని గడ్డినేలలు మనిషికంటె ఎంతో ప్రాచీనమైనవనీ, అవి నరికివేతవలన దిగజారిన అడవులు కావనీ నేటి పరిశోధకులు స్పష్టం చేస్తున్నారు. శేషాచలంలో, దాని పరిసరాలలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగని రక్తచందనాన్ని ఏ జాతీ తెచ్చి నాటలేదు. వానపాళ్ళు, శిలాస్వభావం, ఏనుగులు, జింకలు, పక్షులు కూడా కర్తలే. భగవద్గీత ఏ కర్మకైనా ఐదు హేతువులను చెప్పి, తానొక్కడినే కర్తననుకొనేవానిని దుర్మతి అన్నది. ఆ న్యాయం అడవికీ వర్తిస్తుంది. ఆటవికుడు అనేక కారణాలలో ఒక కారణం. అయినా విస్మరించదగిన కారణం కాదు.

దేవుడు తెలిసిన బంధుత్వం

చరిత్రకారులు ఆలస్యంగా గుర్తించినదానిని తెలుగు క్షేత్రసంప్రదాయం ఏనాడో గుర్తించినది. శ్రీశైలనాథుని చెంచులు 'చెంచు మల్లయ్య' అంటారు. వేటకు వచ్చిన శివుడు చెంచుకన్యను వరించాడని వారి కథ; కనుక స్వామి వారికి అల్లుడు. మల్లికార్జున నామంలోనే మల్లెతీగ, మద్దిచెట్టు ఉన్నాయని పెద్దలు అన్వయిస్తారు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టాడు. సంక్రాంతి వెళ్ళిన వెంటనే స్వామి పల్లకిలో పారువేటకు బయలుదేరి, సుమారు నలభై దినాలు చుట్టుప్రక్కల పల్లెలన్నీ తిరిగి, తన కల్యాణానికి అత్తవారిని తానే పిలుస్తాడు. అడవి ఎవరిదో, తాను అక్కడ ఏ సంబంధంతో ఉన్నాడో దేవునికి సందేహం లేదు. అల్లుడు అత్తింటికి యజమాని కాడు.

ములుగు మండలంలోని మేడారంలో, రెండేండ్లకొకసారి, కోయపూజారులు చిలుకలగుట్టనుండి సమ్మక్కను తెస్తారు. ఆ తల్లికి విగ్రహం లేదు. వెదురు, కుంకుమభరిణ ఆమె రూపాలు. చిలుకలగుట్ట పవిత్రస్థలం, అక్కడికి సామాన్యులు అడుగుపెట్టరు. ఇటువంటి దేవతావనాలు దేశమంతటా ఉన్నాయి. చుట్టూ పోడు, మేత, కట్టెకొట్టుట సాగినా, అక్కడ మాత్రం కొమ్మ విరవరు. అందువలన పరిసరాలలో అంతరించిన జాతులకు అవి బీజకోశాలుగా నిలిచాయి. వాడుకొన్న అడవి ఎంత మానవరచనో, వాడక విడిచిన ఈ వనం కూడా అంతే మానవరచన: ఒకటి అవసరంచేత, మరొకటి భయభక్తులచేత.

విస్మృతి వలన కలిగిన అనర్థం

పందొమ్మిదవ శతాబ్దంలో ఆంగ్లప్రభుత్వం అడవిని కలపదృష్టితో చూచినది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం హద్దురాళ్ళు పాతి, పోడును, మేతను, ఫలసేకరణను అనుమతిపైన ఆధారపడే పనులుగా మార్చినది. తరతరాలుగా అడవిని పెంచినవాడు ఒక్క సంతకంతో చొరబాటుదారుడైనాడు. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం ఎదురుతిరిగినదంటే, పోడుపై ఆంక్షలు, వెట్టిచాకిరీ దానికి ముఖ్యకారణాలు. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము ప్రాణమర్పించినదీ అడవి, నేల, నీటిమీది హక్కుకొరకే. మరోవైపు టేకుకు, పిమ్మట నీలగిరికి, కాగితపుమిల్లుల వెదురుకు ప్రాధాన్యం లభించి, ఇప్ప, తునికి, మోరి మొదలైనవి కలపలెక్కలలో 'ఇతరములు' అయినవి. ఇది కూడా మనిషి అడవిని మార్చడమే. భేదమేమంటే, మొదటి మార్పు అక్కడే తిని అక్కడే జీవించేవారిది. రెండవది దూరాన ఉండి లెక్క వ్రాసుకొనేవారిది.

2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టాన్ని చేసి, అడవివాసులకు చారిత్రకంగా అన్యాయం జరిగినదని అంగీకరించినది. అయినా పెంటలను ఖాళీచేయించాలా, వద్దా అన్న వాదం పులుల సంరక్షణ పేరిట నేటికీ సాగుతూనే ఉన్నది. పులి రక్షణీయమే, సందేహం లేదు. కాని మనిషి ఎన్నడూ లేని అడవిని కల్పించుకొని, ఆ కల్పనను నిజం చేయుటకై మనిషిని తొలగించడం రజ్జువునందు సర్పాన్ని చూచి కర్రనెత్తడం వంటిది. దీనికి విపరీతమైన భ్రాంతి మరొకటి ఉన్నది: అడవి ఎలాగూ మనుషులు మార్చినదే కనుక, అది శుద్ధప్రకృతి కాదు కనుక, చదును చేసినా దోషం లేదనడం. తాత కట్టిన ఇల్లు స్వయంభువు కాదని కూల్చవచ్చునా?

ఈ రెండవ ప్రశ్న ప్రగతి నగర్‌కు దూరమైనది కాదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాలలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసినది. అది అడవియా, కాదా అని దేశమంతా వాదించుకొన్నది. 'కంచ' అనే మాటలోనే ఆ నేల చరిత్ర ఉన్నది: తెలంగాణలో కంచ అంటే పశువులమేతకు విడిచిన పచ్చికబీడు. మేసే మందలు తగ్గినకొలదీ పచ్చికలో పొదలు, పొదలలో చెట్లు పెరిగాయి. నెమళ్ళు, జింకలు చేరాయి. ఇనుపయుగపు సమాధులు, గొల్లల మందలు, విశ్వవిద్యాలయపు ప్రహరీ: ఇవన్నీ కలిసి ఆ వనాన్ని చేశాయి. అది దస్తావేజులో అడవి కాకపోవచ్చును. ఎవరూ తాకనిది మాత్రమే అడవి అయితే, నల్లమల కూడా అడవి కాజాలదు.

ఋణస్మరణం

మనిషి ఋణాలతో జన్మిస్తాడని వేదం చెబుతున్నది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అందరూ ఎరిగినవే. శతపథబ్రాహ్మణం వాటికి మనుష్యఋణాన్ని జోడించినది. తోటి మనుష్యులకు అన్నం, ఆశ్రయం ఇవ్వడం ఆ ఋణవిముక్తికి మార్గం. పేరు తెలియని గోపాలకుడు, గడ్డపైభాగాన్ని మట్టిలో మిగిల్చిన చెంచువనిత, ఇప్పను నరకకుండా గొడ్డలి దించిన గోండురైతు, చిలుకలగుట్టమీద కొమ్మ విరవని కోయపూజారి: నేటి అడవిని అనుభవించే ప్రతివాడూ వీరికి ఋణపడినవాడే. శ్రీశైలం దారిలో చల్లనినీడన ఆగిన భక్తుడు ఆ నీడను ఈశ్వరప్రసాదంగా భావిస్తాడు. అది సత్యమే. ప్రసాదం భక్తుని చేతికి పూజారి ద్వారా అందినట్లు, ఆ నీడ కొన్ని చేతుల మీదుగా అందినదన్నది కూడా సత్యమే.

ఆ చేతుల వారసులు నేటికీ సజీవులు. అప్పాపూర్ పెంటలో ఉన్నారు, జోడేఘాట్‌లో ఉన్నారు, సీతాఫలాల బుట్టలతో నగరపు వీధులలోనూ ఉన్నారు. వారి హక్కును గుర్తించడం, వారి అనుభవాన్ని వినడం, తినే తేనెకు, ఇప్పపూవుకు న్యాయమైన వెల చెల్లించడం ఋణవిముక్తిలో తొలిమెట్టు. తెల్లవారుజామున ప్రగతి నగర్‌లో రావిచెట్టుచుట్టూ తిరిగే ప్రదక్షిణం ఆ చెట్టును నాటినవారికీ, నరకక విడిచినవారికీ కూడా చెందితే, ఆ ప్రదక్షిణం పూర్ణమవుతుంది.

॥ శివార్పణమస్తు ॥